తోడు మాత్ర

"ఆరే ఉన్నాయి."

ఆమె ఈ మాట అనడం నాలుగోసారి. స్టీలు పళ్ళెంలో గొట్టం మాత్రల్ని ఒక్కొక్కటే వేలితో పక్కకి జరిపింది. సగం తెలుపు, సగం బూడిదరంగు. మళ్ళీ మొదటికి తెచ్చి మళ్ళీ జరిపింది. ఆరు.

"ఏడుండాలి కదా?" అన్నాడు భర్త. చొక్కాలో ఒక చెయ్యి దూర్చి, రెండోది దూర్చడం మరిచిపోయి నిలబడ్డాడు.

"ముప్పై అయిదు ఇచ్చారు. ఇరవై ఎనిమిది రోజులయింది. ఏడుండాలి."

"సీసా అడుగున అంటుకుందేమో చూడు."

"ఇందాక మీరే వేలు పెట్టి చూశారు. వేలు ఇరుక్కుంది కూడా."

"ఇరుక్కోలేదు. కాస్త పట్టేసిందంతే."

పదకొండింటికి ఆస్పత్రిలో ఉండాలి. అక్కడి సిస్టరు ముందు మనిషిని పలకరించదు. సీసా అడుగుతుంది. మిగిలినవి లెక్కపెట్టి, కాగితం మీద రాసుకుని, అప్పుడు తలెత్తి "ఎలా ఉన్నారు?" అంటుంది. అందుకే ఇంట్లో ఆవిడకి లెక్కల సిస్టరు అని పేరు.

పాత మందు ఆమె నాలుగేళ్ళుగా వేసుకుంటూనే ఉంది. దానికి ముందు ఇంకొకటి. మోతాదు పెంచారు, మార్చారు, మళ్ళీ పెంచారు. ఆందోళన మాత్రం అద్దె కట్టని అద్దెదారులా కదల్లేదు. రెండు నెలల కిందట, పాతది మానకుండానే దానికి తోడుగా కొత్తదొకటి ఇచ్చి చూస్తున్నాం, చేరతారా అని అడిగారు. చేరినవాళ్ళలో సగం మందికి అసలు మందు. సగం మందికి అలాగే కనిపించే ఉత్తిది. తనకేది వచ్చిందో ఆమెకి తెలియదు. ఇచ్చే సిస్టరుకి తెలియదు. డాక్టరుకీ తెలియదు. ఇంట్లో దాన్ని తోడు మాత్ర అంటారు.

మూడో వారం చివర ఒక పొద్దున ఆమె పళ్ళు తోముకుంటూ అద్దంలో చూసుకుని, తను ఏదో పాట కూనిరాగం తీస్తున్నట్టు కనిపెట్టింది. ఆ రోజు నుంచి అయిదు వారాలు.

"నిన్న రెండు వేసుకున్నావేమో," అన్నాడు భర్త.

"ఎందుకు వేసుకుంటాను?"

"మరిచిపోయి."

"మరిచిపోయి ఒకటి మానేస్తారు. మరిచిపోయి రెండెలా వేసుకుంటారు?"

"మా అమ్మ వేసుకునేది."

"మీ అమ్మగారు ఉపవాసం ఉన్నానన్న సంగతి మరిచిపోయి భోజనం కూడా చేసేవారు. నన్ను ఆవిడతో కలపకండి."

అతను లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏది ఆగిపోయినా కింది నుంచి ఒక్కో అంతస్తూ చూసుకుంటూ రావాలంటాడు. "సరే, సోమవారం నుంచి మొదలుపెడదాం," అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చొక్కా రెండో చెయ్యి ఇంకా వేలాడుతూనే ఉంది.

ఆమె వినడం లేదు. లోపలికి చూసుకుంటోంది.

రెండు వేసుకున్నావేమో. ఇదివరకైతే ఆ ఒక్క మాట చాలు. ఒక భయం వస్తే వెంట చుట్టాలందరినీ పిలుచుకొచ్చేది. మందు ఎక్కువైతే ఏమవుతుంది, కళ్ళు తిరిగి పడితే ఎవరు చూస్తారు, పొయ్యి ఆపానా, ఈత శిక్షణకి వెళ్ళిన కూతురు నీళ్ళలో ఉందా, ఒడ్డున ఉందా. ఒక్కొక్కటీ వచ్చి పీట వాల్చుకుని కూర్చునేది. సాయంత్రానికి లేచేవి కావు.

ఇప్పుడూ రావాలి కదా. ఎదురుచూసింది. వచ్చే బస్సు కోసం రోడ్డు చివరకి చూసినట్టు చూసింది.

వచ్చింది. కానీ ఒంటరిగా వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి, పిలిస్తే వస్తాను అన్నట్టు చూసింది. వెనక చుట్టాలెవరూ లేరు.

ఇదేమిటి ఇలా ఉంది, అనుకుంది ఆమె. భయం కన్నా ఆ వింతే ఎక్కువగా ఉంది.

"మంగళవారం?" అంటున్నాడు భర్త. "మంగళవారం ఎన్నింటికి వేసుకున్నావు?"

బల్లకి ఆ చివర మామగారు ఉడికిన గుడ్డు మీద ఉప్పు చల్లుకుంటున్నారు. ఒకసారి చల్లి, కొరికి, మళ్ళీ చల్లారు. నలభై ఏళ్ళు డిస్పెన్సరీలో కాంపౌండరుగా పనిచేశారు. పదవీ విరమణ చేసి పద్దెనిమిదేళ్ళయినా ఈ వీధిలో ఆయన్ని ఇంకా కాంపౌండరుగారనే పిలుస్తారు.

"నాన్నా, ఆ ఉప్పు ఇక చాలు," అన్నాడు కొడుకు.

"ఈ గుడ్లలో సారం లేదురా."

"గుడ్డుది కాదు తప్పు. పోయినేడు ఆ జ్వరం తగిలినప్పట్నించీ నీకన్నీ చప్పగానే ఉన్నాయి."

మామగారు మూడోసారి చల్లలేదు. ఉప్పు డబ్బా మూత పెట్టి, ఆ మూత మీదే చెయ్యి ఉంచి కూర్చున్నారు.

"బుధవారం," అన్నారు.

"మంగళవారం ఇంకా అవలేదు నాన్నా."

"మంగళవారం వదిలెయ్. బుధవారం. కోడలమ్మాయి కొట్టులో పనికి వెళ్ళింది, నువ్వూ నీ పనికి వెళ్ళావు. నేనే తీశాను."

బల్ల దగ్గర, రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగినట్టయింది.

"తీశావా? తీసి?"

"తీసి విప్పాను."

"మింగావా నాన్నా!"

"నాకేం ఖర్మ మింగడానికి? రుచి చూశాను."

"కూరా ఏమన్నా అది, రుచి చూడ్డానికి!"

"ఒరేయ్, నెమ్మదిగా మాట్లాడు." ఆయన గొంతు మాత్రం పెరిగింది. "ఎన్నిసార్లు గోడలు చెమ్మగిల్లి సీసాల మీద చీటీలు ఊడిపోయేవో తెలుసా నీకు? తెల్లపొడి సీసాలు పక్కపక్కన పది ఉండేవి. డాక్టరుగారు చీటీ మీద ఏదో గీకి పంపేవారు. అక్కడ లాబొరేటరీ ఎవడి దగ్గరుందిరా? వేలి చివర ఇంత, నాలుక చివర ఇంత. చూసి ఉమ్మెయ్యడం. చూడకుండా ఒక్క పొట్లం కూడా కట్టలేదు నేను. నలభై ఏళ్ళలో ఒక్క ప్రాణం పోలేదు."

"అది డిస్పెన్సరీ. ఇది ఆమె మందు."

"నా ఇంట్లోకి పేరు లేని మందొకటి వచ్చింది. రెండు నెలలుగా అలమారలో కూర్చుంది. అమ్మాయి నవ్వుతోంది. మొన్న మంగళవారం నువ్వన్న మాటకి గట్టిగా నవ్వింది, గుర్తుందా? ఆరేళ్ళ తరవాత. ఇంత పని చేస్తున్నది ఏమిటో చూడొద్దూ? ఆ మాత్రం కుతూహలం లేకపోతే మనిషెందుకు?"

ఇంతసేపూ ఆమె పళ్ళెంలో ఉన్న ఆరింటినీ చూస్తోంది. ఇప్పుడు తలెత్తింది.

"మామయ్యగారూ, మీకు తెలిసిందా?"

ఆయన నోరు తెరిచారు.

"వద్దు. చెప్పకండి."

ఆయన నోరు మూశారు. కానీ మొహం ఉంది కదా. ఆ మొహాన్ని ఆమె పదిహేనేళ్ళుగా చదువుతోంది. పైగా ఆమె పని కూడా అదే. కళ్ళజోళ్ళ కొట్టులో రోజంతా మనుషుల ఎదురుగా కూర్చుని, బాగా కనిపిస్తోంది అన్నప్పుడు అది నిజమా, మొహమాటమా అని కనిపెట్టాలి.

ఆమె కళ్ళజోడు తీసేసింది.

ఆమెది మైనస్ ఆరు. జోడు తియ్యగానే మామగారి మొహం గోధుమరంగు గుండ్రంగా మారింది. కళ్ళు లేవు, పెదాలు లేవు. హాయిగా ఉంది.

"అదేం పని?" అన్నాడు భర్త.

"నాకు తెలియకూడదు. తెలిస్తే ఈ మందు పరీక్షలోంచి తీసేస్తారు."

"తీసేస్తే తీసేశారు! నాన్నా, ఏమిటది చెప్పు."

"చెప్పద్దు మామయ్యగారూ."

"నాకు చెప్పు. నా చెవిలో చెప్పు."

"మీకు తెలిస్తే నాకు తెలిసినట్టే. మీ నోట్లో నువ్వుగింజ నానదు."

"అసలు నీకెందుకంత పంతం? అసలు మందే అయితే మంచిది. ఉత్తి పిండి అని తేలితే ఇంకా మంచిది. ఆ సీసా పారేసి హాయిగా ఉందాం. అంటే ఇన్నాళ్ళూ నీకు..."

ఆగిపోయాడు.

గోడ గడియారం వినిపించింది. కింద వీధిలో ఎవరో గేటు తీసి, మూసి, గడియ పెట్టారు.

"ఇన్నాళ్ళూ నాకు?" అంది ఆమె.

"ఏం లేదు."

"పూర్తి చెయ్యండి."

"ఏం లేదన్నాను కదా."

"ఇన్నాళ్ళూ నాకు జబ్బే లేదన్నమాట. పిండికి తగ్గిందంటే అది జబ్బే కాదన్నమాట. అంతేనా?"

జోడు లేకపోయినా అతని చొక్కా చెయ్యి ఇంకా వేలాడుతోందని ఆమెకి కనిపిస్తోంది. ఆరేళ్ళు. అర్ధగంటకోసారి ఫోను చేసి కూతురు ఇంటికొచ్చిందా అని అడిగితే, ఎత్తైన భవనాల లిఫ్టు షాఫ్టుల్లో వేలాడుతూ జవాబు చెప్పిన మనిషి. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇప్పుడు నోరు జారింది విసుగు కాదు. అది ఎప్పట్నుంచో లోపల ఉన్న ప్రశ్న. అందుకే ఆమెకి కోపం రాలేదు. ఆ ప్రశ్న తనలోనూ ఉంది.

మామగారే అందుకున్నారు. "జబ్బు లేకపోవడమేమిట్రా, మతి ఉండే మాట్లాడుతున్నావా? మా డిస్పెన్సరీలో గులాబీరంగు నీళ్ళు తాగి తేరుకున్నవాళ్ళు వందమంది ఉన్నారు. వాళ్ళ నొప్పి దొంగనొప్పి అంటావా? పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతుంటే నేను చూశాను. నీళ్ళకి తగ్గినా నొప్పి నొప్పే."

ఆమె గోధుమరంగు గుండ్రం వైపు తిరిగింది.

"మామయ్యగారూ. ఇప్పుడు మీరు చెప్పేశారా?"

"నేనా? నేనేం చెప్పాను?"

"రంగునీళ్ళ మాట ఎందుకొచ్చింది?"

"వాడు కూసినదానికి వచ్చింది. అంతే తల్లీ." గొంతులో తొట్రుపాటు ఉందా? కళ్ళకి అడ్డం పెట్టగలిగింది కానీ చెవులకి ఏం పెడుతుంది?

భర్త లేచి చొక్కా రెండో చెయ్యి తొడుక్కున్నాడు. "పద, పది దాటింది. సిస్టరుకి ఒకటి మురికికాలవలో పడిపోయిందని చెబుదాం."

"అబద్ధం చెప్పను."

"మామగారు నాకారని చెబుతావా?"

"అవును. మామయ్యగారూ, మీరూ రండి."

"నేనెందుకమ్మా?"

"తిన్నది మీరు కదా."

"తినలేదంటే వినరేం!" అని గొణుక్కుంటూ ఆయన చెప్పులు వెతుక్కున్నారు.

*

బస్సులో ఆమె జోడు పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. మామగారినీ భర్తనీ వెనక కూర్చోమంది. తిరిగి చూడలేదు. కిటికీలోంచి దుకాణాల బోర్డులు చదువుకుంటూ పోయిన వారం కొట్టుకి వచ్చిన దర్జీ ఆవిడ గురించి ఆలోచించింది.

ఆమెకి పనిలో ఒక అలవాటుంది. ఎవరూ నేర్పింది కాదు. మనిషి మొహమాటంతో తలూపుతున్నాడని అనుమానం వస్తే, పరీక్ష జోడులోంచి అద్దం తీసి, చప్పుడయ్యేలా డబ్బాలో తడిమి, మళ్ళీ అదే అద్దం పెడుతుంది. "ఇప్పుడు?" అంటుంది. "ఆఁ, ఇప్పుడు బాగుంది," అన్నారంటే, సరే ఈయన మాట నమ్మకూడదు అని లోపల గుర్తు పెట్టుకుంటుంది.

దర్జీ ఆవిడ కూడా అలాగే అంది. "ఇప్పుడు బాగుందమ్మా. ఇందాకటిది మసగ్గా ఉంది."

ఆమె లోలోపల నవ్వుకుని, "అయితే కింది వరస చదవండి," అంది.

ఆవిడ చదివింది. అంతకు ముందు రెండుసార్లు తడబడి వదిలేసిన వరస. అయిదు అక్షరాలూ, వరసగా, తప్పు లేకుండా.

అదే అద్దం. అవే కళ్ళు. అబద్ధమే అయితే అక్షరాలు ఎలా చదివింది?

పదమూడేళ్ళుగా తను అబద్ధాలని పక్కన పెట్టిన జవాబుల్లో ఎన్నింట్లో అక్షరాలు నిజంగా కనిపించాయో. ఇప్పుడు బాగుందన్నాక తను కింది వరస మళ్ళీ చదవమని ఎవరినీ అడగలేదు. ఆ రోజు సాయంత్రం దాకా అదే ఆలోచించింది. అది భయం కాదు. ఊరికే ఆలోచన. ఆలోచన ఊరికే ఉండగలదని ఆమె మరిచిపోయి చాలాకాలమయింది.

వెనక సీటులోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"నాకొక్కడికి చెప్పు నాన్నా."

"నేను చెప్పను. అమ్మాయి వద్దంది."

"చప్పగా ఉందా?"

"బయటకి చూడరా. ఊరు మారిపోయింది."

*

లెక్కల సిస్టరు సీసా తీసుకుంది. ప్లాస్టిక్ పళ్ళెంలో పోసింది. చిన్న గరిటెతో ఒక్కొక్కటే పక్కకి నెట్టింది. మళ్ళీ నెట్టింది.

"ఆరు," అంది.

"ఏడోది నా దగ్గరుంది," అన్నారు మామగారు. చొక్కా జేబులోంచి తెల్లకాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టారు. పొట్లం నాలుగు మూలలూ కత్తిరించినట్టు సమంగా ఉంది. పైన బుధవారం తేదీ, సమయం, సంతకం.

సిస్టరు పొట్లాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. "ఎవరు కట్టారిది?"

"నేనే. విప్పినదీ నేనే. గొట్టం రెండు ముక్కలూ లోపలున్నాయి. వేలి చివరకి అంటినంతే పోయింది. మిగతాదంతా అందులోనే ఉంది."

"ఎందుకు విప్పారు?"

"రుచి చూడ్డానికి."

సిస్టరు కలం కింద పెట్టింది. "తాతగారూ, మీకు ఎన్నేళ్ళు?"

"డెబ్భై ఎనిమిది. బీపీ లేదు."

"తరవాత మీకేమైనా అయిందా? తల తిరగడం, కడుపులో తిప్పడం?"

"మధ్యాహ్నం కాస్త కునుకు పట్టింది."

"రోజూ పడుతుంది," అన్నాడు కొడుకు.

సిస్టరు నవ్వు దాచుకుంటూ అవన్నీ రాసుకుంది. పొట్లాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి సీలు చేసింది. "దీన్ని పరీక్షకి పంపుతారా?" అని భర్త అడిగితే, "పంపరు. లెక్కకి పెడతారు," అంది. తరవాత ఆమె వైపు తిరిగి గొంతు మార్చింది.

"ఈయన మీకేమైనా చెప్పారా?"

"చెప్పనివ్వలేదు."

"అదృష్టం. తెలిసిపోతే డాక్టరుగారు మిమ్మల్ని ఇక్కడితో ఆపేస్తారు. ఇంకా ఎనిమిది వారాలుంది." ఒక కాగితం తీసి ముందు పెట్టింది. "పన్నెండింటికి లోపలికి పిలుస్తారు. ఈలోపు ఇది నింపండి. చివరి ప్రశ్న చూసుకోండి."

చివరి ప్రశ్న ఒక్క వాక్యం. మీకు ఏది ఇస్తున్నారని మీరు అనుకుంటున్నారు? కింద మూడు గళ్ళు. అసలు మందు. ఉత్తిది. తెలియదు.

"ఏది నిజమైతే అది పెట్టండి," అంది సిస్టరు. అని, మామగారి వైపు చూసి తల ఊపింది. ఆయన్ని ఓదార్చాలనుకుందో, వాతావరణం తేలిక చెయ్యాలనుకుందో. "అయినా తాతగారూ, మీరు కష్టపడి నాకినా లాభం లేదు. ఈ మందు చేదు. అందుకే ఉత్తిదాన్ని కూడా చేదుగానే చేస్తారని మా ట్రైనింగులో చెప్పారు. రెండూ ఒకటే రుచి."

"చేదా?" అన్నారు మామగారు.

ఒక్క మాట. ఆశ్చర్యంగా, పూర్తిగా ఆశ్చర్యంగా, పసిపిల్లాడు అన్నట్టు.

భర్త తండ్రి వైపు చూశాడు. సిస్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరవాత చెయ్యి తీసి, బల్ల మీది కాగితాలు సర్దుతూ, "మీరంతా బయట కూర్చోండి. నేను పిలుస్తాను," అంది. గొంతు మునుపటిలా లేదు.

*

నడవాలో చెక్క బెంచీ. గోడకి చెవి బొమ్మ, పక్కన మెదడు బొమ్మ. ముగ్గురూ కూర్చున్నారు. ఆమె జోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మధ్యలో భర్త.

"అమ్మా," అన్నారు మామగారు చివరికి. "నేనేం చెప్పలేదు."

"లేదు మామయ్యగారూ. అడిగారు అంతే."

"నోరు జారింది."

"తెలుసు."

భర్త చెయ్యి ఆమె చేతి పక్కకి వచ్చి ఆగింది. "పొద్దున నేనన్నది..." అన్నాడు.

"మీరు పూర్తిగా అనలేదు. పూర్తి చేసింది నేనే."

"అయినా."

"అయినా అన్నారు," అంది ఆమె. చెయ్యి తియ్యలేదు.

ఆమె ఆలోచిస్తోంది. పనిలో ఆలోచించినట్టే. ఒక అద్దం, తరవాత ఇంకో అద్దం.

నాలుకకి చేదు తగల్లేదు. సిస్టరు విన్నది నిజమైతే రెండూ చేదే. అంటే మామయ్యగారి నాలుకే పోయింది. జ్వరం తరవాత ఉప్పు తెలియని నాలుక. అప్పుడు ఆయన బుధవారం తెలుసుకున్నది ఏమీ లేదు. తను మళ్ళీ మొదటికి వచ్చినట్టే. తెలియదు అన్న గడిలో నిజాయితీగా టిక్కు పెట్టొచ్చు.

నాలుక బాగానే ఉంటే? అప్పుడు సిస్టరు విన్నదే తప్పు. అసలు మందు చేదు, తన మాత్రలో చేదు లేదు. తనది పిండి. అయిదు వారాల కూనిరాగం పిండిది. లేదా తనది.

గుమ్మంలో చిన్న భయం మళ్ళీ వచ్చి నిలబడింది. ఇంకా ఒంటరిగానే ఉంది. ఈసారి ఆమె దాన్ని కాస్త పరీక్షగా చూసింది. నువ్వు ఎవరి మాట వింటున్నావు? నాదా, ఆ మాత్రదా? అది జవాబు చెప్పలేదు. కానీ లోపలికీ రాలేదు.

తెలుసుకోకుండా ఉండొచ్చు. డాక్టరుకి జరిగింది జరిగినట్టు చెప్పి, తెలియదు అని టిక్కు పెట్టి, కొత్త సీసా తీసుకుని ఇంటికి పోవచ్చు. ఇంకా ఎనిమిది వారాలు హాయిగా ఉండొచ్చు. కానీ ఎనిమిది వారాలూ ఆ ఒక్క మాట చెవిలో ఉంటుంది. చేదా? రోజూ మాత్ర గొంతు దిగేటప్పుడు వినిపిస్తుంది. అది ఇదివరకటి భయాల కన్నా కొత్తరకం. వాటిని పరీక్షించడానికి కింది వరస ఉండేది కాదు. దీనికి ఉంది. అడిగితే చదువుతుంది.

పదకొండు నలభై అయింది.

"కాఫీ తెస్తాను," అని లేచింది.

"నేను తెస్తానుండు," అన్నాడు భర్త.

"కూర్చోండి."

నడవా చివర చిన్న క్యాంటీను. గాజు కిటికీ వెనక కుర్రది ముక్కు మీదికి జారిన జోడు వెనక్కి తోసుకుంటూ నిలబడింది. ముక్కు దగ్గర బిగించుకోవాలి, లేకపోతే తలనొప్పి వస్తుంది అని ఆమె చెప్పింది. తరవాత, "మూడు కాఫీ. డికాక్షన్ చిక్కగా. పాలొద్దు, పంచదార వద్దు," అంది.

"మూడింట్లోనూ వద్దా ఆంటీ?"

"మూడింట్లోనూ."

ఒక్కదాంట్లోనే మానితే అది పరీక్ష అని తెలిసిపోతుంది. మూడూ ఒకటే అయితే ఎవరికి ఎలా ఉందో వాళ్ళే చెబుతారు. పదమూడేళ్ళ అలవాటు.

కప్పులు వేళ్ళని కాలుస్తున్నాయి. నడవాలో మనుషులు రంగుల మచ్చల్లా అటూ ఇటూ కదులుతున్నారు. బెంచీ దగ్గరకి వచ్చి మామగారికి ఒకటి, భర్తకి ఒకటి ఇచ్చి, తనది పక్కన పెట్టుకుంది. జోడూ కాగితమూ మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని కలం మూత తీసింది.

భర్త ఆత్రంగా ఒక గుక్క తాగాడు.

"అబ్బ! విషంలా ఉంది. పంచదార వెయ్యలేదా?"

ఆమె కళ్ళు మూసుకుంది. ఈయన నోట్లో నువ్వుగింజ నానదని పొద్దున అన్నది తనే.

మామగారి చేతిలో కప్పు పైకి లేస్తూ సగంలో ఆగింది. ఆయన కప్పు లోపలికి చూశారు. తరవాత ఆమె వైపు చూశారు. మొహం కనిపించకపోయినా ఆ చూపు తన మీద ఆగినట్టు ఆమెకి తెలిసింది. నలభై ఏళ్ళు పొడులు రుచి చూసిన మనిషికి, తన ముందు పెట్టింది ఏమిటో అర్థం కాకుండా ఉంటుందా?

"నాలుకకి పరీక్షా తల్లీ?" అన్నారు నెమ్మదిగా.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "అవును మామయ్యగారూ."

"నీకు తెలియాలనే ఉందా?"

"ఉంది."

"పొద్దున వద్దన్నావు."

"పొద్దున అది మీ చేతిలో ఉంది. ఇప్పుడు అడుగుతున్నది నేను."

ఆయన కప్పు ఒళ్ళోకి దించారు. "మరొక్క మాట. గులాబీరంగు నీళ్ళ సీసా ఇస్తూ ఏ రోగి ముందూ నా మొహం మారలేదు. అంత అలవాటు నాకు. చేదుగా ఉన్నా తియ్యగా ఉన్నా నా మొహంలో నీకేమీ కనిపించదు."

"కనిపిస్తుందో లేదో చూస్తాను. నాదీ పదమూడేళ్ళ అలవాటే."

"మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారు?" అన్నాడు భర్త.

లోపలి తలుపు తెరుచుకుంది. సిస్టరు తల బయటికి పెట్టి, పిలవాల్సిన మనిషి కోసం బెంచీ వైపు చూసింది. కాగితం మీద మూడు గళ్ళూ ఖాళీగా ఉన్నాయి.

మామగారు కప్పు ఎత్తారు. తొందరపడలేదు. పొడి రుచి చూసేవాడిలా ముందు నాలుక చివర తగిలించి, తరవాత నోటి నిండా పట్టి, ఆగి, మింగారు.

ఆమె ఒళ్ళోంచి జోడు తీసి పెట్టుకుంది.